మా హాల్లో వీణ వినిపించడానికి ఆరు నెలలు పట్టింది

అమ్మ వీణ నేర్చుకున్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. 1919లో మొదలైన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక కూడా చాలా ఏళ్లు రోజూ వాయించేది. కీళ్ల నొప్పులు మొదలయ్యాక వీణకి గుడ్డ కప్పి బీరువా పక్కన నిలబెట్టేసింది. వాయించడం మానేసింది కానీ వినడం మానలేదు. సాయంత్రం కాఫీ తాగాక ఏదో ఒకటి పెట్టమంటుంది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక రోజు బ్లూటూత్ స్పీకర్‌లో వీణ కచేరీ పెట్టాను. వంటింట్లోంచి వచ్చి రెండు నిమిషాలు విని, "మాండొలిన్ పెట్టావేంట్రా?" అంది. వీణే అమ్మా అన్నాను. నమ్మలేదు. ఫోన్ చూపించాక, "మరి అనుమంద్రం తీగ ఏదీ? మీటు ఏదీ?" అంది.

అనుమంద్రం అంటే వీణలో అన్నిటికంటే లోతుగా పలికే తీగ, మీటు అంటే వేలు తీగని లాగి వదిలే దెబ్బ. ఆ రెండు ప్రశ్నలే నన్ను ఈ పనిలోకి దించాయి. అరచేతిలో పట్టే స్పీకర్‌కి లోతైన స్వరం పలికే శక్తి ఉండదు. కింది తీగల మూల నాదం పోయి పై పౌనఃపున్యాలే మిగులుతాయి. అందుకే పనస కర్ర కుండలోంచి రావలసిన గుమ్మటం లాంటి నాదం పోయి టింగుటింగుమనే తీగ చప్పుడు మిగిలింది. అమ్మ చెవి తప్పు పట్టలేదు, ఉన్నదే చెప్పింది.

మంచి ఆడియో అని వెతకడం మొదలుపెట్టగానే ఎదురయ్యేది అంకెలు. 16 బిట్, 24 బిట్, 44.1, 96, 192. మొదటి రెండు వారాలు ఇవి చదివి తల వేడెక్కింది. ఇప్పుడు నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

1982లో వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతని 16 బిట్లతో రాస్తారు. ఎన్నిసార్లు కొలిచామో అందులో సగం దాకా పౌనఃపున్యాలు రికార్డవుతాయి, అంటే 22,050 హెర్ట్జ్ వరకు. మనిషి చెవి వినగలిగేది మంచి వయసులో 20,000 దాకా. హై రిజల్యూషన్ అంటే దీన్ని దాటినవి, ఎక్కువగా 24 బిట్ 96 కిలోహెర్ట్జ్, లేదా 192. నేను మొదట్లో అనుకున్నదేమిటంటే, కొలతలు ఎక్కువైతే అల నున్నగా వస్తుంది, తక్కువైతే మెట్లు మెట్లుగా ఉంటుంది అని. అది తప్పు. 20,000 హెర్ట్జ్ లోపల ఉన్న అలని 44,100 కొలతల నుంచి మెట్లు లేకుండా పూర్తిగా తిరిగి కట్టవచ్చు, గణితం అలాగే నిలబడింది. ఎక్కువ కొలతలు ఇచ్చేది ఇంకా పై పౌనఃపున్యాల్నే తప్ప, కింది వాటికి కొత్త నునుపుని కాదు. బిట్లు చెప్పేది అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య దూరం. 16 బిట్లకి సుమారు 96 డెసిబెల్స్, 24కి 144.

ఈ అంకెలు పట్టుకుని డాబాగార్డెన్స్ వెళ్లాను. ఒక షాపులో, "రెండు స్పీకర్లు ఇప్పుడెవరు కొంటున్నారు సార్, సౌండ్‌బార్ తీసుకోండి, ఇల్లు అదిరిపోద్ది" అన్నాడు. ఇంకో షాపులో ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ మీద వీణ పెట్టించి విన్నాను. వెనక స్పీకర్లోంచి తాళం తీగ వచ్చింది. వద్దనుకున్నాను. నాకు కావలసింది ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు ఉండటం. దానికి కుడి ఎడమ రెండు చాలు.

చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఐదున్నర అంగుళాల కోన్ (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత 27 వేలు, చానెల్‌కి 40 వాట్ల చిన్న ఆంప్లిఫయర్ 13 వేలు, యూఎస్‌బీ డాక్ 9 వేలు. డాక్ అంటే ఫైల్లోని అంకెల్ని కరెంటు అలగా మార్చే పెట్టె. లాప్‌టాప్ ఇంట్లో ఉన్నదే. స్పీకర్ వైరు కోసం వేలకి వేలు పెట్టమని చాలామంది చెప్తారు. నేను 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన కొన్నాను. మా దూరాలకి అది పుష్కలం. ఒక్కటే చూసుకోవాలి: చవగ్గా దొరికే కొన్ని వైర్లు అల్యూమినియం మీద రాగి పూతవి. చివర బ్లేడుతో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది.

బిగించిన మొదటి రాత్రి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. స్పీకర్లు టీవీ షోకేస్ మీద, ఐదడుగుల ఎత్తులో పెట్టాను. అమ్మని సోఫాలో కూర్చోబెట్టి ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టాను. కళ్లు మూసుకుని కాసేపు విని, "గొంతు ఎక్కడుందో తెలియట్లేదురా. రెండు చెవుల్లోంచీ వస్తోంది, ఎదురుగా మాత్రం మనిషి లేడు" అంది. నాకూ అలాగే ఉంది. పైగా ఇంత ఖర్చు పెట్టినా బేస్ లేదు. స్పీకర్లే బాగోలేవేమో, వెనక్కి పంపేద్దామా అని ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఆ పాటలు మోనోలో రికార్డు చేసినవి. కుడి ఎడమ రెండింట్లోనూ ఒకటే ధ్వని ఉంటుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. నిలబడలేదంటే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగాయని అర్థం. ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, ముందు కింది స్వరాలు కొట్టుకుపోతాయి. ఇది చదివి మర్నాడు ఉదయం టార్చిలోంచి ఒక 1.5 వోల్టుల బ్యాటరీ తీశాను. ఆంప్లిఫయర్ వైపు వైర్లు ఊడదీసి, ఎర్ర గుర్తున్న వైరు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది మైనస్‌కి ఒక్క క్షణం తాకించాలి. టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది, కోన్ కదులుతుంది. ఎడమ స్పీకర్ కోన్ నా వేపు ఉబికింది. కుడిది లోపలికి లాక్కుంది. మా వైరు రెండు పాయలూ ఒకే రంగు, ఒకదాని మీద సన్నని గీత ఒక్కటే గుర్తు. ట్యూబ్‌లైటు వెలుతురులో కుడి స్పీకర్ వెనక తారుమారు చేశాను. మార్చి బిగించి అదే పాట పెట్టాను. ఘంటసాల గారు టీవీ మధ్యకి వచ్చేశారు. కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు అక్కడే ఉన్నారు. అమ్మ ఈసారి ఏమీ అనలేదు. పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. పాత మోనో పాట ఒకటి దగ్గరుంచుకోండి. స్పీకర్లు సరిగ్గా కట్టారా, సరిగ్గా పెట్టారా అని అంత ఖచ్చితంగా చెప్పే పరికరం ఇంకోటి లేదు.

తర్వాతి సంగతి డాక్ మీద కనిపించే అంకె. 24 బిట్ 96 ఫైల్ కొని పెట్టాను, డాక్ మీద 48 అని వెలుగుతోంది. 44.1 సీడీ ఫైల్ పెట్టినా 48. విండోస్ తన దగ్గరకొచ్చే శబ్దాలన్నీ, మెయిల్ వచ్చిన చప్పుడుతో సహా, ఒకే వేగానికి మార్చి కలిపి పంపుతుంది. ఫూబార్2000 ప్లేయర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అవుట్‌పుట్‌లో డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అన్నది ఎంచుకున్నాక, ఫైల్ ఏదైతే అదే అంకె వెలిగింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా చాలావరకు ఇదే తంతు, అన్నీ 48కి మారిపోతాయి. ఇక బ్లూటూత్ అయితే, శబ్దాన్ని గాల్లో పంపే పద్ధతుల్లో అన్నిటికంటే మెరుగైనవాటిలో ఒకటైన ఎల్‌డాక్ (LDAC) కూడా సెకనుకి 990 కిలోబిట్లకి మించదు. మామూలు సీడీకే 1,411 కావాలి. కాబట్టి వైరు తప్పదు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు డబ్బు లేకుండా లాస్‌లెస్, అంటే ఏదీ పారెయ్యని ఆడియో, ఇస్తోంది, 24 బిట్ 192 దాకా. మా అమ్మాయి ఫోన్‌లో అది ఉంది, డాక్‌కి తగిలించి అదీ వింటాం.

నేను కొన్న ఫైళ్లు ఫ్లాక్‌లో వస్తాయి. ఫ్లాక్ అంటే జిప్ లాంటిది, పరిమాణం తగ్గిస్తుంది కానీ ఒక్క బిట్ కూడా పారెయ్యదు. ఐదు నిమిషాల 24/96 పాట నొక్కకుండా అయితే 170 ఎంబీ దాటుతుంది, సీడీ నాణ్యతలో 53 ఎంబీ.

మార్చి నెలాఖరుకి ఇంకో చిక్కు. లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడల్లా స్పీకర్లలో జుయ్‌మని సన్నటి మోత. బ్యాటరీ మీద ఉంటే లేదు. చార్జర్ పెట్టి ఉండగా లాప్‌టాప్ మూత అంచు మీద ముంజేయి ఆనిస్తే జివ్వుమంటోంది. మా వీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. టెస్టర్, బల్బు హోల్డర్ తెచ్చి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టాడు, వెలగలేదు. ప్లేటు విప్పి, "ఏటి బాబూ, ఎర్త్ వైరు గోడలోనే ఉంది, పిన్నుకి తగిలించనే లేదు" అన్నాడు. ఫ్లాట్ కట్టిన రోజు నుంచీ అంతేనన్నమాట. తగిలించాక బల్బు వెలిగింది, మోత పోయింది. డాక్, ఆంప్లిఫయర్, లాప్‌టాప్ మూడూ ఒకే బోర్డు నుంచి ఇవ్వమని కూడా చెప్పాడు, ఇచ్చాను. ఆడియో సంగతి పక్కన పెట్టినా, ఇన్నేళ్లూ పిల్లలు ఆ ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టారని తలచుకుంటే గుండె ఝల్లుమంది. మీ ఇంట్లో కూడా ఒకసారి చూపించుకోండి.

ఇక అసలు పని గది. దీనికే మూడు నెలలు పట్టింది. మా హాలు పన్నెండు పదహారు అడుగులు. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క అద్దాల షోకేస్, ఇంకో పక్క బాల్కనీ గ్లాసు తలుపు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే కంయ్‌మని తిరిగొస్తుంది. వీణ పెడితే, అమ్మ మాటల్లో, "ఎవరో నూతిలో కూర్చుని వాయిస్తున్నారు." స్పీకర్ నుంచి నేరుగా వచ్చే నాదం వెనకే నేల, అద్దం, గోడ నుంచి తిరిగొచ్చే నాదాలు చేరి మీటుని మింగేస్తున్నాయి.

ముందు స్పీకర్లని షోకేస్ మీద నుంచి దించాలి. ఆటోనగర్‌లో గ్రిల్స్ వెల్డింగ్ చేసే చోట 26 అంగుళాల స్టాండ్లు చేయించాను, స్పీకర్ పై భాగంలో ఉండే చిన్న ట్వీటర్ సోఫాలో కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి వచ్చేలా. ఖాళీ గొట్టం గంటలా మోగుతుంది కాబట్టి లోపల ఇసుక పోయాలి. బీచ్ పది నిమిషాల దూరమే, అయినా ఆ ఇసుక వాడలేదు. ఉప్పుకి గొట్టం లోపల్నుంచే తుప్పు పట్టిపోతుంది. ఇల్లు కట్టేచోట అడిగి ఏటి ఇసుక తెచ్చి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి పోశాను.

స్పీకర్ల మధ్య ఆరడుగులు, ఒక్కోదాని నుంచి సోఫాకి ఆరున్నర. వెనక గోడకి అడుగున్నర ఎడం. మూలకి జరిపితే బేస్ పెరుగుతుంది కానీ బుసబుసమంటుంది. రెండూ కొంచెం లోపలికి, మన భుజాల వైపు చూసేలా తిప్పాను. ఈ ఒక్కో అంగుళానికీ తేడా వినిపిస్తుంది, అతిశయోక్తి కాదు. నేల మీద స్టాండ్ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీతలు గీసుకుని పది పదిహేను రోజులు అటూ ఇటూ జరిపాను. పనమ్మాయి తడిగుడ్డ పెట్టే ముందు రోజూ ఫోటో తీసుకునేవాడిని.

పూర్ణామార్కెట్‌లో మందపాటి జంపఖానా ఒకటి కొని సోఫాకీ స్పీకర్లకీ మధ్య పరిచాను. బాల్కనీ తలుపుకి బరువైన కర్టెన్ వేశాం. షోకేస్ అద్దం తీసేసి పుస్తకాలు సర్దాం, హెచ్చుతగ్గుగా, కొన్ని ముందుకి కొన్ని వెనక్కి. గోడ మీద శబ్దం ఎక్కడ తగిలి తిరుగుతుందో కనుక్కోవడానికి సులువైన పద్ధతి ఉంది. మీరు సోఫాలో కూర్చోండి. ఇంకొకరు ముఖం చూసుకునే అద్దాన్ని పక్క గోడకి ఆనించి మెల్లగా జరుపుతూ వెళ్లాలి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటే శబ్దం తగిలి మీ వైపు తిరుగుతుంది. మా ఇంట్లో అక్కడ పాత బొంతని చెక్క ఫ్రేములో బిగించి గుడ్డ చుట్టి వేలాడదీశాం. మొత్తం నాలుగు వేలు కూడా అవలేదు. డాక్ మార్చినా, వైరు మార్చినా ఇందులో పదోవంతు మార్పు కూడా వచ్చేది కాదని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

సీలింగ్ ఫ్యాన్‌ది ఇంకో కథ. మేలో విశాఖలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం అంటే చెమటలో ఈదడమే. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో చూస్తే ఫ్యాన్ తిరుగుతుంటే 46 డెసిబెల్స్, రాత్రి పదకొండుకి అన్నీ ఆపేస్తే 34. ఫోన్ లెక్క అంత ఖచ్చితం కాకపోవచ్చు, తేడా మాత్రం నిజం. ఈ 34 మీద 16 బిట్లు ఇచ్చే 96 కలిపితే 130. అది చెవి నొప్పి పుట్టే శబ్దం. అంటే మా హాల్లో సీడీ ఇచ్చే విస్తీర్ణమే పూర్తిగా వాడలేం, 24 బిట్ల 144 ఎక్కడ పడుతుంది? రికార్డింగ్ స్టూడియోలో 24 బిట్లు చాలా అవసరం, హెచ్చుతగ్గులు సర్దుకోవడానికి చోటు ఉంటుంది. ఇంట్లో వినేవాడికి దానికంటే ఫ్యాన్ ఆపడం పెద్ద లాభం. రాత్రి పడుకునే ముందు ఏసీ పెట్టి గది చల్లబరచి, అన్నీ ఆపి అరగంట వినడం మా ఇంట్లో అలవాటైంది.

జూన్‌లో ఒక ఆదివారం అమ్మాయి చేత నాకు పరీక్ష పెట్టించుకున్నాను. 24/96 వీణ ఫైల్‌నే నేనే 16/44.1కి మార్చి, ఫూబార్‌లో ఏబీఎక్స్ అనే అదనపు భాగంతో ఏది ఏదో తెలియకుండా వింటూ చెప్పాలి. 16 సార్లలో 9 సరిగ్గా చెప్పాను. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసా వేసినా 8 వస్తాయి. కనీసం 12 వస్తేనే నిజంగా తేడా వినిపించిందని చెప్పవచ్చు. సెకనుకి 128 కిలోబిట్లకి నొక్కిన ఎంపీ3తో పోల్చినప్పుడు మాత్రం 14 వచ్చాయి. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాగే చేస్తే 554 సార్లలో సరైనవి సగమే తేలాయి. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ నుంచి జాషువా రీస్ అలాంటి పరీక్షలన్నీ కూడి చూస్తే 52.3 శాతం వచ్చింది, శిక్షణ పొందినవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. ఏదో కొంచెం ఉంది, చాలా కొంచెం.

అయినా హై రిజల్యూషన్ ఫైళ్లు కొనడం మానలేదు. కారణం అంకె కాదు. అదే కచేరీకి రెండు విడుదలలు ఉన్నప్పుడు చాలాసార్లు హై రిజల్యూషన్ దాన్ని జాగ్రత్తగా మాస్టర్ చేసి, అంటే విడుదలకి ముందు చివరి మెరుగులు దిద్ది, ఉంటారు, శబ్దాన్ని ఎత్తి ఎత్తి నొక్కేయకుండా. అది మాత్రం ఎవరికైనా వినిపిస్తుంది. మోసాలు కూడా ఉన్నాయి. సీడీ ఫైల్‌నే 96కి సాగదీసి అమ్ముతారు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే తెలుస్తుంది, 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైన అంతా నలుపు. నేను కొన్న ఒక ఆల్బం అలాగే తేలింది. ఆ డబ్బు పోయినట్టే.

ఆగస్టు వానల్లో ఒక రోజు కుడి స్పీకర్ చిటపటలాడింది. వైరు ఊడదీస్తే రాగి చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి. చివర కత్తిరించి, కొత్త రాగి బయటికి తీసి, బంగారు పూత ఉన్న బనానా ప్లగ్గులు బిగించాను. విశాఖలో, ముఖ్యంగా బీచ్ వైపు ఉండేవాళ్లు స్పీకర్ కొనేటప్పుడు కోన్ చుట్టూ అంచు రబ్బరుదా, నురగలా ఉండే ఫోమ్‌దా అని అడగండి. ఈ ఉక్కకి ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.

అదే నెలలో ముగ్గురం ఇంకో సరదా పరీక్ష చేసుకున్నాం. పౌనఃపున్యం పెంచుకుంటూ పోతే అమ్మాయి 17,000 దాకా విన్నది, నేను 14,000, అమ్మ 9,000 దగ్గరే "ఆగిపోయింది" అంది. ఆ చెవులతోనే ఆ రాత్రి వీణ పెట్టగానే, ఆలాపన ఇంకా సాగుతుండగా, "ఈవిడ గోళ్లతో మీటట్లేదురా, వేలికి తొడుగు వేసుకుంది" అంది. ఆల్బం పుస్తకంలో ఫోటో పెద్దది చేసి చూశాను. చూపుడువేలి చివర సన్నటి మెరుపు.

కాసేపాగి, "ఆ మూడో మెట్టు దగ్గర జారుడు వింటున్నావా" అని తన ఒడిలో వేళ్లు జరిపి చూపించింది. తీగ మీద చర్మం రాసుకునే చప్పుడు, ముందు ఆరునెలల్లో ఒక్కసారి కూడా నాకు వినపడనిది, అప్పుడు విన్నాను.

మర్నాడు బీరువా పక్కనున్న వీణ మీద గుడ్డ తీశాం. మైనం మెత్తబడి నాలుగు మెట్లు పక్కకి ఒరిగాయి, రెండు తీగలు తుప్పు పట్టాయి. మేళం మళ్లీ కట్టించాలి, అంటే మైనంలో మెట్లు కొత్తగా నిలిపించాలి, బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లి తీసుకెళ్దాం, దసరా లోపల అయితే మంచిది అంది. కారు వెనక సీట్లో పడుతుందో లేదో కొలిచాను. ముందు సీటు వెనక్కి వాలిస్తే పడుతుంది.